బొమ్మ ఇటుకల కంప్యూటర్ కేబినెట్

బొడిపెలున్న ప్లాస్టిక్ ఇటుకలను ఒకదానిపై ఒకటి నొక్కుతూ పిల్లలు ఇళ్లూ వంతెనలూ కట్టి ఆడుకుంటారు. అవే ఇటుకలతో కంప్యూటర్ భాగాలకు కట్టిన గూడే బొమ్మ ఇటుకల కేబినెట్. అందులోని మదర్‌బోర్డు, ప్రాసెసర్, వీటికి విద్యుత్తు అందించే ఎస్‌ఎంపీఎస్, డిస్కులు, ఫ్యాన్లు అన్నీ మామూలువే. వాటిని పట్టి ఉంచే రేకు పెట్టె స్థానంలో మాత్రం ఇటుక గోడలు ఉంటాయి. మన వైపు చాలామంది ఆ పెట్టె మొత్తాన్నీ ‘సీపీయూ’ అంటారు. సీపీయూ అంటే నిజానికి లోపలి ప్రాసెసర్ ఒక్కటే. పెట్టెకు బజారులో ఉన్న పేరు కేబినెట్. ఈ వ్యాసంలోనూ ఆ మాటే వాడుతున్నాం.

చూడటానికి సరదాగా కనిపించినా దీని వెనక గట్టి ఇంజనీరింగ్ ఉంది. బొమ్మ ఇటుక మిల్లీమీటరులో వందో వంతు తేడాను కూడా లెక్కచేసే వస్తువు. కంప్యూటర్ కూడా పక్కా కొలతల మీద నడిచే వస్తువే. ఈ రెండు కొలతలూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ కలవవో తెలుసుకుంటే కేబినెట్ కట్టడం సగం వచ్చినట్టే.

చరిత్ర

కంప్యూటర్‌కు గూడు సొంతంగా చేసుకోవడం పర్సనల్ కంప్యూటరంత పాత అలవాటు. 1976లో ఆపిల్-1 కొన్నవారి చేతికి వచ్చింది అమర్చిన సర్క్యూట్ బోర్డు మాత్రమే. కీబోర్డు, తెర, ట్రాన్స్‌ఫార్మర్లు, పెట్టె ఎవరికి వారే సమకూర్చుకోవాలి. కొందరు వడ్రంగం చేసి, కొందరు చేయించి చెక్క పెట్టెల్లో వాటిని అమర్చుకున్నారు. తర్వాతి కాలంలో కంప్యూటర్లు రేకు పెట్టెల్లోనే అమ్మకానికి రావడంతో ఆ అవసరం తగ్గింది.

1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ ప్రమాణాన్ని ప్రకటించింది. బోర్డు పొడవు వెడల్పులు, స్క్రూ రంధ్రాల స్థానాలు, వెనకవైపు కనెక్టర్లు బయటికి వచ్చే కిటికీ, ఎస్‌ఎంపీఎస్ పరిమాణం ఒక పద్ధతికి వచ్చాయి. ఏ కంపెనీ బోర్డయినా ఏ కంపెనీ కేబినెట్‌లోనైనా కూర్చోవాలన్నది దాని ఉద్దేశం. పరిశ్రమ కోసం వచ్చిన ఈ కొలతలే ఇంట్లో పెట్టె కట్టుకునేవారికీ పనికొచ్చాయి. కొలతలు ముందే తెలిస్తే గోడ ఎంత దూరంలో లేపాలో కూడా ముందే తెలుస్తుంది.

బొమ్మ ఇటుకల గూళ్లలో అందరికంటే పేరు తెచ్చుకున్నది అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. 1996లో అక్కడ పరిశోధక విద్యార్థులుగా ఉన్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ వెబ్ పేజీల మధ్య ఉన్న లింకులను లెక్కగట్టి ఏ పేజీకి ఎంత విలువ ఇవ్వాలో తేల్చే పద్ధతి మీద పనిచేస్తున్నారు. ఆ ప్రాజెక్టు పేరు బ్యాక్‌రబ్. వెబ్ పేజీలను పెద్దమొత్తంలో దాచుకోవడానికి వారికి చోటు కావాలి. ఒక్కొక్కటి 4 గిగాబైట్ల హార్డ్ డిస్కులను పదింటిని కలిపి 40 గిగాబైట్ల నిల్వ ఏర్పాటు చేసుకున్నారు. ఆ పది డిస్కులనూ పేర్చిన గూటిని పిల్లలు ఆడుకునే పెద్దసైజు రంగురంగుల ఇటుకలతో కట్టారు. అలాంటి గూడు చవక. డిస్కులు పెరిగితే ఇంకో వరస వేసి పెంచుకోవచ్చు. రెండేళ్ల తర్వాత, 1998లో, ఆ ప్రాజెక్టు నుంచే గూగుల్ సంస్థ పుట్టింది. ఆ గూటిని స్టాన్‌ఫోర్డ్ వారు ఇంజనీరింగ్ విభాగంలో ప్రదర్శనకు పెట్టారు.

రెండో ఉదాహరణ ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానిది. 2012 ఫిబ్రవరి 29న రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్ విడుదలైంది. అదే ఏడాది సెప్టెంబరులో ప్రొఫెసర్ సైమన్ కాక్స్ బృందం అలాంటి 64 బోర్డులను కలిపి ‘ఐరిడిస్-పై’ అనే చిన్న సూపర్ కంప్యూటర్‌ను చూపించింది. ఒక్కో బోర్డుకు 16 గిగాబైట్ల మెమరీ కార్డు చొప్పున మొత్తం నిల్వ ఒక టెరాబైట్. 64 బోర్డులూ ఒకే ప్లగ్గు మీద నడిచాయి. వాటిని నిలబెట్టిన అరలు లెగో ఇటుకలవి. ఆ అరలకు సరైన అమరిక వెతకడంలో ప్రొఫెసర్ ఆరేళ్ల కొడుకు కూడా చేయి వేశాడు. పిల్లవాడి అనుభవం పరిశోధనశాలకు నేరుగా ఉపయోగపడిన సందర్భం ఇది.

ఇటుక

ఈ పనిలో ఎక్కువగా వాడేది డెన్మార్క్‌లోని బిల్లుండ్ పట్టణంలో పుట్టిన లెగో ఇటుక. ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో చెక్కబొమ్మల తయారీ మొదలుపెట్టాడు. డేనిష్‌లో ‘చక్కగా ఆడుకో’ అనే అర్థమిచ్చే రెండు మాటల నుంచి లెగో పేరు వచ్చింది. 1949లో ప్లాస్టిక్ ఇటుకలు వచ్చాయి గానీ అవి లోపల బోలుగా ఉండి సరిగ్గా పట్టేవి కావు. పైన బొడిపెలు, అడుగున గొట్టాలు ఉన్న నేటి ఇటుకకు 1958 జనవరి 28న పేటెంట్ దరఖాస్తు వేశారు. పై ఇటుక గొట్టాల, గోడల మధ్య కింది ఇటుక బొడిపెలు బిగుసుకోవడమే దాని పట్టు. 1963 నుంచి ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌తో పోతపోస్తున్నారు. పాత ఇటుకా కొత్త ఇటుకా నేటికీ ఒకదానికొకటి పడతాయి.

కేబినెట్ కట్టేవారు గుర్తుపెట్టుకోవలసిన కొలతలు కొన్నే. ఒక బొడిపె నుంచి పక్క బొడిపెకు దూరం 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మి.మీ. పలక అని పిలిచే పల్చటి ముక్క ఎత్తు 3.2 మి.మీ. అంటే మూడు పలకలు ఒక ఇటుక. ఐదు పలకల ఎత్తు 16 మి.మీ. అది సరిగ్గా రెండు బొడిపెల వెడల్పు. పక్కకు తిప్పి అమర్చిన ముక్కలు కూడా గోడలో ఒదిగిపోవడానికి ఈ లెక్కే ఆధారం. పక్కపక్క ఇటుకలు రాసుకోకుండా ఒక్కో ఇటుకను ప్రతి వైపూ 0.1 మి.మీ. తక్కువగా పోస్తారు. అందువల్ల రెండు గోడల మధ్య పది బొడిపెల ఖాళీ వదిలితే దొరికేది 80 మి.మీ. బదులు 80.2 మి.మీ. ఈ 0.2 మి.మీ. చిన్నదే అయినా భాగాలు జారి లోపలికి దిగడానికి అదే చోటిస్తుంది.

బలం సంగతి చెప్పాలంటే, బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీలో 2012లో రెండు బొడిపెలు పొడవు, రెండు బొడిపెలు వెడల్పు ఉన్న ఇటుకలను యంత్రంలో పెట్టి నొక్కి చూశారు. సుమారు 4,240 న్యూటన్ల బలం, అంటే 430 కిలోలకు పైగా బరువు పడ్డాకే ఇటుక లొంగింది. అంత బరువు పడాలంటే ఇటుక మీద ఇటుకగా దాదాపు మూడున్నర కిలోమీటర్ల ఎత్తు పేర్చాలి. కంప్యూటర్ భాగాల బరువు ఆ గోడకు లెక్కలోకి రాదు. పై నుంచి నొక్కితే మోసే ఈ గోడ పైకి లాగితే మాత్రం ఊడిపోతుంది. కట్టేటప్పుడు జాగ్రత్తలన్నీ ఈ గుణం చుట్టూనే తిరుగుతాయి.

కొలతల కూడిక

కంప్యూటర్ భాగాల కొలతల్లో చాలావరకు అంగుళాల నుంచి వచ్చాయి. ఇటుకలవి మిల్లీమీటర్లు. అయినా చాలా చోట్ల రెండూ ఆశ్చర్యపరిచేంత దగ్గరగా కలుస్తాయి.

- మినీ-ఐటీఎక్స్ మదర్‌బోర్డు 170 × 170 మి.మీ. దీనికి 22 బొడిపెల ఖాళీ కావాలి.
- మైక్రో-ఏటీఎక్స్ బోర్డు 244 × 244 మి.మీ. దీనికి 31 బొడిపెలు.
- పూర్తి ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మి.మీ. దీనికి 39 × 31 బొడిపెలు.
- వెనకవైపు కనెక్టర్ల కిటికీ 158.75 × 44.45 మి.మీ. 20 బొడిపెల వెడల్పు, 4 ఇటుకలూ 2 పలకల ఎత్తు వదిలితే 44.8 మి.మీ. ఎత్తు వస్తుంది.
- ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ 150 × 86 మి.మీ. 19 బొడిపెల వెడల్పు, 9 ఇటుకల ఎత్తు. ఎత్తులో మిగిలే ఖాళీ 0.4 మి.మీ. మాత్రమే.
- చిన్న ఎస్‌ఎఫ్‌ఎక్స్ ఎస్‌ఎంపీఎస్ 125 × 63.5 మి.మీ. 16 బొడిపెలు, 6 ఇటుకలూ 2 పలకలు.
- 120 మి.మీ. ఫ్యాన్‌కు 15 బొడిపెల వెడల్పు సరిగ్గా సరిపోతుంది. ఎత్తుకు 12 ఇటుకలూ 2 పలకలు కావాలి.
- రాస్‌ప్‌బెర్రీ పై బోర్డు 85 × 56 మి.మీ. వెడల్పు ఏడు బొడిపెలు, పొడవు పదకొండు. కనెక్టర్లు అంచు దాటి పొడుచుకొస్తాయి కాబట్టి ఆ వైపు గోడలో కిటికీలు వదలాలి.

కలవని చోట్లూ ఉన్నాయి. ఫ్యాన్ స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మి.మీ., అది 8తో భాగించబడదు. గ్రాఫిక్స్ కార్డు లాంటివి కూర్చునే స్లాట్ల మధ్య దూరం 20.32 మి.మీ., అదీ బొడిపెల వరసకు పడదు. అందుకని ఫ్యాన్‌ను స్క్రూలతో బిగించకుండా నాలుగు అంచులనూ ఇటుకల మధ్య ఇరికిస్తారు. కార్డుల రేకు పట్టీని పట్టుకోవడానికి పాత కేబినెట్ వెనక భాగం నుంచి కోసిన రేకు ముక్కను గోడలో కలిపేస్తారు.

గోడ కట్టే తీరు

మొదటిసారి కట్టేవారికి మినీ-ఐటీఎక్స్ బోర్డు అనువైనది. 2001లో తైవాన్‌కు చెందిన వియా సంస్థ తెచ్చిన ఈ కొలతకు చిన్న గూడు చాలు. ఉదాహరణకు బయటి కొలత 28 × 30 బొడిపెలు, గోడ మందం రెండు బొడిపెలు, ఎత్తు 24 ఇటుకలు అనుకుందాం. పెట్టె సుమారు 224 మి.మీ. వెడల్పు, 240 మి.మీ. పొడవు, 230 మి.మీ. ఎత్తు ఉంటుంది. ఒక్కో వరసకు 216 బొడిపెల చోటు, అంటే ఎనిమిది బొడిపెల ఇటుకలు 27 కావాలి. 24 వరసలకు 648 ఇటుకలు. ఒక ఇటుక బరువు సుమారు 2.3 గ్రాములు కాబట్టి గోడల బరువు ఒకటిన్నర కిలో అవుతుంది. కిటికీలకు కొన్ని తగ్గుతాయి, పైకప్పుకూ లోపలి అరలకూ కొన్ని పెరుగుతాయి.

కట్టడంలో మొదటి సూత్రం ఊళ్లో తాపీ మేస్త్రీ చెప్పేదే: అతుకు మీద అతుకు పడకూడదు. కింది వరసలో రెండు ఇటుకలు కలిసిన చోట పై వరస ఇటుక నడుము రావాలి. మూలల్లో ఒక వరస ఇటు నుంచి, మరో వరస అటు నుంచి అల్లుకుపోవాలి. ఫ్యాన్‌కూ కనెక్టర్లకూ వదిలిన ఖాళీల మీద ఇంటి కిటికీకి లింటెల్ వేసినట్టు పొడవాటి పలకలను రెండు మూడు పొరలుగా వేయాలి.

అడుగు విషయంలో కొత్తవారు తరచూ పొరబడతారు. బొమ్మల పెట్టెల్లో వచ్చే 32 × 32 బొడిపెల పల్చటి బేస్‌ప్లేటు వంగుతుంది. దాని అడుగున గొట్టాలు లేవు కాబట్టి కింది నుంచి ఇటుకలు పట్టవు. అందుకని పలకలను రెండు పొరలుగా, ఒక పొర అతుకులను రెండో పొర కప్పేలా వేసి అడుగు తయారు చేస్తారు. మదర్‌బోర్డును నేరుగా ఇటుకల మీద ఆనించకూడదు. బోర్డు కింద టంకం మొనలుంటాయి, గాలీ ఆడాలి. పాత కేబినెట్‌లోని లోహపు పళ్లాన్ని ఇత్తడి స్టాండ్లతో సహా తీసి అడుగున కూర్చోబెట్టడం అన్నిటికంటే నమ్మకమైన దారి.

పైకి లాగితే ఊడే బలహీనతకు మందు టెక్నిక్ ముక్కలు. 1977లో లెగో తెచ్చిన ఈ రకంలో ఇటుకల పక్కన రంధ్రాలుంటాయి. రెండు టెక్నిక్ ఇటుకల మధ్య రెండు పలకలు పెడితే పై రంధ్రానికీ కింది రంధ్రానికీ మధ్య దూరం 9.6కు 6.4 కలిసి 16 మి.మీ. అవుతుంది. అడ్డంగా రెండు బొడిపెల దూరం కూడా అంతే. అప్పుడు ఇంకో టెక్నిక్ ఇటుకను నిలువుగా ఆనించి పిన్నులు గుచ్చితే వరసలన్నీ కలిసికట్టుగా నిలుస్తాయి. ఇలా నాలుగు మూలలా చేస్తే పెట్టెను ఎత్తినా విడిపోదు. అయినా ఎత్తేటప్పుడు చేతులు అడుగున వేయాలి, మూత పట్టుకుని ఎత్తకూడదు.

జిగురు వాడాలా వద్దా అన్నది కట్టేవారి మధ్య పాత చర్చ. లెగోలాండ్ పార్కుల్లోని పెద్ద బొమ్మలను జిగురుతోనే అతికిస్తారు. కేబినెట్ విషయంలో మాత్రం జిగురు వాడితే విప్పి సరిచేసే వీలు పోతుంది. ఇటుకల మీద పెట్టిన ఖర్చు కూడా ఒకసారితో తీరిపోతుంది.

ఇటుక కొనకముందే తెర మీద కట్టి చూసుకునే సాధనాలూ ఉన్నాయి. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ జెస్సిమన్ 1995లో రాసిన ఎల్‌డ్రా ఈ కోవలో మొదటి తరం సాఫ్ట్‌వేర్. విడి ఇటుకలు అమ్మే బ్రిక్‌లింక్ 2000లో మొదలైంది, 2019లో లెగో దాన్ని కొనుక్కుంది. బ్రిక్‌లింక్ అందించే స్టూడియో అనే ప్రోగ్రాము ఎన్ని ఇటుకలు, ఏ రంగువి కావాలో జాబితా ఇస్తుంది.

వేడి, గాలి

రేకు కేబినెట్ కొంత వేడిని తన ఒంటి ద్వారా బయటికి పంపుతుంది. ఏబీఎస్‌కు ఆ గుణం దాదాపు లేదు. ఉక్కుతో పోలిస్తే వేడిని వందల రెట్లు తక్కువగా ప్రసరింపజేస్తుంది. కాబట్టి ఇటుకల కేబినెట్‌లో వేడి బయటికి పోవడానికి గాలి ఒక్కటే దారి. ముందు అడుగు భాగం నుంచి చల్లగాలి లోపలికి, వెనక పై భాగం నుంచి వేడిగాలి బయటికి పోయేలా కనీసం రెండు ఫ్యాన్లు పెట్టడం మంచిది.

ఏబీఎస్ సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. బరువు మోస్తుంటే అంతకు ముందే వంగడం మొదలవుతుంది. కేబినెట్ లోపలి గాలి అంత వేడెక్కదు గానీ ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్‌ల మీది హీట్‌సింకులు 80 డిగ్రీలకు పైగా వెళ్లగలవు. ఇటుక ఎక్కడా హీట్‌సింకును తాకకుండా కనీసం రెండు మూడు బొడిపెల ఎడం వదలాలి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో గదిలో గాలే వేడిగా ఉంటుంది. అలాంటి ఊళ్లలో గోడల్లో ఎక్కువ జాలీ వదలాలి, తక్కువ విద్యుత్తు వాడే ప్రాసెసర్‌ను ఎంచుకోవాలి. ఇటుక సందుల్లోంచి దుమ్ము కూడా వస్తుంది కాబట్టి గాలి లోపలికి వచ్చే వైపు సన్నని వల పెట్టాలి.

విద్యుత్తు, భద్రత

రేకు పెట్టె ఎర్త్‌కు కలిసి ఉంటుంది. లోపల ఏ తీగైనా ఊడి తగిలితే విద్యుత్తు భూమిలోకి పోతుంది. ప్లాస్టిక్ గోడకు ఆ రక్షణ లేదు. అందువల్ల 230 వోల్టుల విద్యుత్తు వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను దాని లోహపు డబ్బాలోంచి ఎన్నడూ బయటికి తీయకూడదు. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్త్ ఉన్న సాకెట్టు తప్పనిసరి. మదర్‌బోర్డుకు గ్రౌండ్ ఎస్‌ఎంపీఎస్ తీగల ద్వారానే అందుతుంది కాబట్టి ప్లాస్టిక్ పెట్టెలో కూడా కంప్యూటర్ మామూలుగానే నడుస్తుంది.

మామూలు ఏబీఎస్ మండుతుంది, దట్టమైన నల్లటి పొగ వదులుతుంది. దాన్ని తలుచుకుని, మనుషులు లేని గదిలో రాత్రంతా వదిలేసే పనులకు ఈ కేబినెట్‌ను వాడకపోవడమే మేలు. ప్లాస్టిక్ ముక్కలు రాసుకుంటే స్థిరవిద్యుత్తు పుడుతుంది. అందుకే గోడలన్నీ లేపిన తర్వాతే బోర్డును లోపల పెట్టాలి, పెట్టేముందు ఎర్త్ ఉన్న లోహాన్ని తాకాలి. రేకు పెట్టె రేడియో తరంగాలను అడ్డుకుంటుంది, ఇటుక గోడ అడ్డుకోదు. దీనివల్ల వైఫై యాంటెన్నాను లోపలే దాచుకోవచ్చు. అదే కారణంగా కంప్యూటర్ పుట్టించే రేడియో రొద కూడా బయటికి వచ్చి పక్కన ఉన్న రేడియోకు అడ్డు తగలవచ్చు.

భారతదేశంలో

విడి భాగాలు కొని కంప్యూటర్ కూర్పించుకోవడం తెలుగువారికి బాగా అలవాటైన పని. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బోర్డు, ర్యామ్, కేబినెట్ వేర్వేరుగా ఎంచుకుని ‘అసెంబుల్డ్’ కంప్యూటర్ తెచ్చుకున్న కుటుంబాలు ఎన్నో. అలా కూర్చడం చూసినవారికి ఇటుకల కేబినెట్ కష్టమైన పని అనిపించదు. కష్టమల్లా ఇటుకల ధర. దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర కూడా తప్పనిసరి అయింది.

ఇటుక మీది మూల పేటెంట్ల గడువు ఎప్పుడో తీరింది. ఇటుక ఆకారాన్ని ట్రేడ్‌మార్క్‌గా ఉంచుకోవాలన్న లెగో వాదనను 2010లో యూరోపియన్ న్యాయస్థానం తోసిపుచ్చింది. పట్టు కోసం ఏర్పడిన ఆకారం ఒక్కరి సొత్తు కాబోదని తేల్చింది. అందువల్ల అదే కొలతలతో ఇతర కంపెనీల ఇటుకలూ దొరుకుతాయి. కొనేముందు చూడవలసింది పట్టు. ఒక వరసలో సూదిమొనంత తేడా ఉన్నా ఇరవై నాలుగు వరసలు లేచేసరికి అది పోగుపడి గోడ వాలుతుంది. ఒక్క కేబినెట్‌లో రెండు మూడు రకాలు కలపకుండా ఉంటే మంచిది.

ఉపయోగం

ధర, శ్రమ, భద్రత లెక్కలోకి తీసుకుంటే రేకు కేబినెట్‌కు ఇది పోటీ రాలేదు. దీని విలువ నేర్పే పాఠంలో ఉంది. పిల్లలూ పెద్దలూ కలిసి ఒక కేబినెట్ కడితే బోర్డు కొలత, గాలి దారి, గ్రౌండ్ తీగ, గోడ అతుకు అన్నీ చేతికి తగిలి అర్థమవుతాయి. మూసి ఉన్న పెట్టెలో ఏముందో తెలియని భయం పోతుంది. తప్పు కట్టినా నష్టం లేదు, ఊడదీసి మళ్లీ కట్టవచ్చు. నాలుగైదేళ్లకు మదర్‌బోర్డు పాతబడితే వెనక గోడ ఒక్కటి విప్పి కొత్త కనెక్టర్లకు తగినట్టు లేపుకుంటే చాలు. కంప్యూటరే అక్కర్లేని రోజు వస్తే ఆ 648 ఇటుకలూ మళ్లీ పిల్లల బొమ్మల పెట్టెలోకి చేరతాయి.